ఎక్స్‌రే పక్కన 78 అని వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

మీరు రాసింది ఇది. పోయిన వారం మీ ఊళ్లో క్షయ శిబిరం పెట్టారు. చేత్తో పట్టుకునే చిన్న యంత్రంతో మీ నాన్నగారి ఛాతీ ఎక్స్‌రే తీశారు. నిమిషం తిరగకముందే కంప్యూటరు ‘టీబీ అనుమానం, 78’ అని చూపించింది. ఆయనకు 1998లో టీబీ వచ్చి, పూర్తి కోర్సు మందులు వాడాక తగ్గిపోయింది. ఇప్పుడు దగ్గు లేదు, జ్వరం లేదు, భోజనం బాగానే చేస్తున్నారు. మీరు అదే చిత్రాన్ని ఫోనులో చాట్‌బాట్‌కు చూపిస్తే కంగారు పడాల్సిందేమీ లేదంది. ఈ రెండింటిలో ఏది నమ్మాలి, కరోనా తర్వాత వైద్యంలోకి కృత్రిమ మేధ ఇంతగా ఎందుకు వచ్చిపడింది, ముందు ముందు డాక్టర్లతో పని ఉంటుందా అని మూడు ప్రశ్నలు ఒకే ఊపిరిలో అడిగారు.

నేను ఊపిరితిత్తుల వైద్యుణ్ని. ఇరవై ఏడేళ్ల ప్రాక్టీసులో ఎక్కువ భాగం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే గడిచింది. ఇప్పుడు నెలకు రెండు మూడు సార్లు మీరు చెప్పినలాంటి శిబిరాలకు వెళ్తుంటాను. నాన్నగారి సంగతి ముందు చెప్పేస్తాను. 78 అంటే ఆయనకు టీబీ ఉండే అవకాశం 78 శాతం అని కాదు. ‘ఈయన కళ్లె పరీక్ష చేయండి’ అని మాత్రమే. ఆ పరీక్ష చేయించండి. చాట్‌బాట్ మాట పక్కన పెట్టండి. మిగతాది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరు ఫోను చేసినా మొదట అడిగింది సీటీ స్కోరే. ఇరవై అయిదుకు ఎంత వచ్చిందని చుట్టాలు పరీక్ష మార్కుల్లా అడిగేవారు. రాత్రి రెండింటికి కూడా నా ఫోనులోకి ఎక్స్‌రే ఫోటోలు వచ్చి పడేవి. కొన్ని ట్యూబులైటుకు ఎదురుగా పట్టి తీసినవి, కొన్నిటి మీద తీసినవాళ్ల వేలినీడ. రేడియాలజిస్టు దొరకడం లేదు. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ కుర్రాళ్లు మేము పనిచేస్తున్న చోటికి వచ్చి, ఎక్స్‌రే చూసి కరోనా ఉందో లేదో చెప్పే సాఫ్ట్‌వేరు ఉచితంగా ఇస్తామన్నారు. పెట్టమన్నాం. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టే అనిపించింది.

నాలుగు రోజులకు నాకో అనుమానం వచ్చింది. మంచం మీద ఉన్న ప్రతి రోగికీ అది కరోనా అంటోంది. నడిచి వచ్చినవాళ్లలో చాలామందికి లేదంటోంది. నడవగలిగిన ఒక పేషెంటును బతిమాలి, నిలబెట్టి ఒకటి, పడుకోబెట్టి ఒకటి, పావుగంట తేడాలో రెండు ఎక్స్‌రేలు తీయించాను. మనిషి అదే, ఊపిరితిత్తులు అవే. నిలబడి తీసినదానికి తక్కువ స్కోరు, పడుకుని తీసినదానికి ఎక్కువ. నిలబెట్టినప్పుడు కిరణాలు వీపు వైపు నుంచి వస్తాయి, పడుకోబెట్టినప్పుడు ఛాతీ వైపు నుంచి. రెండోదాంట్లో గుండె పెద్దదిగా కనిపిస్తుంది, భుజం ఎముకలు ఊపిరితిత్తుల మీదికి వస్తాయి. ఆ సాఫ్ట్‌వేరుకు నేర్పించిన కరోనా చిత్రాలు చాలావరకు మంచాన పడ్డవాళ్లవే అయి ఉంటాయి. అది నేర్చుకున్నది జబ్బును కాదు, మంచాన్ని.

అది మాకు తగిలిన ఒక్క కంపెనీ లోపమే అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. 2020లో తొమ్మిది నెలల్లో ఎక్స్‌రేలు, సీటీల నుంచి కరోనాను పట్టే కృత్రిమ మేధ గురించి వచ్చిన 2,212 పత్రాలను కేంబ్రిడ్జ్ పరిశోధకుల బృందం జల్లెడ పట్టింది. నాణ్యత చూసి వడగడితే 62 మిగిలాయి. ఆ 62లో రోగి దగ్గర వాడదగినది ఒక్కటి కూడా లేదని 2021 మార్చిలో ప్రకటించారు. అందులో ఒక పొరపాటు నాకు ఇప్పటికీ నవ్వూ బాధా తెప్పిస్తుంది. కొందరు ‘కరోనా లేనివాళ్ల’ చిత్రాలుగా ఒకటి నుంచి అయిదేళ్ల లోపు పిల్లల ఎక్స్‌రేలు వాడారు. కరోనా చిత్రాలేమో పెద్దవాళ్లవి. ఇక యంత్రానికి జబ్బుతో పనేముంది? పక్కటెముకల సైజు చూసి పెద్దవాళ్లైతే కరోనా, పిల్లలైతే లేదు అనేస్తే నూటికి తొంభై మార్కులు వస్తాయి.

కరోనా సమయంలో అందరూ ఎదురుచూసిన పని అలా చేతికి రాకుండానే పోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది నిలబడింది. మీ నాన్నగారికి తీసిన ఎక్స్‌రే ఆ రెండో కోవలోది.

2019లో మన దేశంలో నమోదైన టీబీ కేసులు 24 లక్షలు. 2020లో అవి 18 లక్షలకు పడిపోయాయి. ఆ ఆరు లక్షల మందికి జబ్బు తగ్గలేదు, వాళ్లను చూసేవాళ్లు లేకపోయారు. బస్సులు లేవు, ఓపీలు మూతపడ్డాయి, కళ్లె చూసే ల్యాబులో ఉన్న ఒకే ఒక్క టెక్నీషియను కరోనా నమూనాలకు అంకితమయ్యాడు. పైగా దగ్గు వస్తోందని చెప్పుకోవడానికే జనం భయపడ్డారు. దగ్గితే క్వారంటైన్‌కు తీసుకెళ్తారు కదా. వాళ్లంతా ఇంట్లోనే దగ్గుతూ ఉండిపోయారు, పక్కన పిల్లలు.

అదే సమయంలో జరిగిన జాతీయ క్షయ సర్వేలో ఇంకొకటి బయటపడింది. అందులో దొరికిన రోగుల్లో దాదాపు 43 శాతం మంది ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే తప్పిపోయేవారు. అంటే రెండు వారాల దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అని మేము చదువుకున్న లక్షణాలు అడిగితే లేవని చెప్పేవాళ్లే. మీ నాన్నగారిలా అన్నమాట. అందుకే ‘దగ్గు లేదు కదా’ అన్న మీ మాట నాకు ధైర్యం ఇవ్వలేదు.

కనుక అందరికీ ఎక్స్‌రే తీయాలి. ఎక్స్‌రే తీయడం ఇప్పుడు కష్టం కాదు, బ్యాటరీతో నడిచే యంత్రాలు సంచిలో పట్టేస్తున్నాయి. చూసేది ఎవరు? ఒక శిబిరంలో రోజుకు రెండు వందల చిత్రాలు తీస్తే మండలంలో చదివేవాళ్లు ఒక్కరు కూడా ఉండరు. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పదిహేనేళ్లు దాటినవాళ్ల విషయంలో క్షయ వడపోతకు మనిషికి బదులు సాఫ్ట్‌వేరు చేత ఎక్స్‌రే చదివించవచ్చని సిఫార్సు చేసింది. ఈ సాఫ్ట్‌వేర్లు కరోనాకు ముందే ఉన్నాయి. వీటిని తయారుచేసే ముంబయి సంస్థ క్యూర్ ఏఐ 2016లోనే మొదలైంది, నెదర్లాండ్స్‌లో తయారైన సాఫ్ట్‌వేరు అంతకంటే పాతది. 2024 డిసెంబరు 7న 347 జిల్లాల్లో మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంతో ఈ చేతియంత్రాలు, వాటిలోని సాఫ్ట్‌వేర్లు పల్లెల దాకా వచ్చాయి.

కళ్లె పరీక్షకు వాడే ట్రూనాట్ యంత్రాల కథ కూడా ఇలాంటిదే. గోవాలో తయారయ్యే ఆ యంత్రం పుట్టింది టీబీ కోసం. 2020 ఏప్రిల్‌లో కరోనా పరీక్షకు అనుమతి రావడంతో జిల్లా జిల్లాకూ కొన్నారు. కరోనా తగ్గాక అవి మళ్లీ టీబీ పనిలోకి వచ్చాయి. మహమ్మారి మాకు మిగిల్చిన మంచి ఏదైనా ఉందంటే నేను మొదట చెప్పేది ఈ డబ్బా గురించే. దాంట్లో కృత్రిమ మేధ ఏమీ లేదు.

ఇప్పుడు ఆ 78 సంగతి. ఇలాంటి వడపోత సాధనం కనీసం ఎలా ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీత గీసింది. వందమంది రోగుల్లో 90 మందినైనా పట్టాలి, జబ్బు లేని వందమందిలో 70 మందినైనా వదిలిపెట్టాలి. ఊళ్లో వెయ్యిమందికి ఎక్స్‌రే తీశామనుకోండి, లెక్క కోసం వాళ్లలో పదిమందికి టీబీ ఉందనుకోండి. యంత్రం ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పడుతుంది. జబ్బు లేని 990 మందిలో 297 మందిని కూడా అనుమానిస్తుంది. మొత్తం 306 మందికి ‘టీబీ అనుమానం’ అని వస్తే అందులో నిజంగా ఉన్నది తొమ్మిదిమందికి. వినడానికి ఇదేం యంత్రం అనిపిస్తుంది. నా వైపు నుంచి చూడండి. వెయ్యి కళ్లెలు పరీక్షించాల్సిన చోట 306 పరీక్షిస్తే సరిపోతోంది. ల్యాబులో ఉన్న ఒక్క అమ్మాయికి అది బతికిపోవడంతో సమానం. అదే సమయంలో, తెర మీద ఎర్ర అక్షరాలు చూసి ఆ రాత్రి నిద్రపోని 297 మందికి ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. మీ ఊళ్లో ఎవరూ చెప్పినట్టు లేదు. అది యంత్రం తప్పు కాదు, మా తప్పు.

ఇంకో సంగతి. 78 అనేది కొలత కాదు. సాఫ్ట్‌వేరును బట్టి, అందులో వెర్షనును బట్టి ఆ అంకె మారుతుంది. ఎంత దాటితే అనుమానం అనాలన్నది కార్యక్రమం నడిపేవాళ్లు పెట్టుకునే గీత. గీత కిందికి దించితే ఎక్కువమంది దొరుకుతారు, కళ్లె డబ్బాలూ ఎక్కువ కావాలి. పైకి జరిపితే డబ్బాలు మిగులుతాయి, రోగులు తప్పిపోతారు. గీత ఎక్కడ గీయాలన్నది తేల్చేది చాలాసార్లు మందుల గదిలో ఉన్న సరుకే.

యంత్రం ఎక్కడ బోల్తా పడుతుందో శిబిరంలో కూర్చుంటే తెలుస్తుంది. మన ఆడవాళ్లు పుస్తెలతాడు తీయరు. టెక్నీషియను కూడా తీయమని పట్టుబట్టడు, పైకి ఎత్తి పంటి కింద పట్టుకోమంటాడు. నల్లపూసలు జారి మెడ కిందికి, సరిగ్గా టీబీ ఇష్టపడే ఊపిరితిత్తి పైకొస మీదికి వస్తాయి. ఒకసారి అలాంటి చిత్రం మీద సాఫ్ట్‌వేరు ఎర్రగా వలయం చుట్టింది. దగ్గరగా చూస్తే వలయంలో ఉన్నది వరుసగా గుండ్రటి చుక్కలు. పూసలు వెనక్కి వేయించి మళ్లీ తీస్తే స్కోరు సగానికి పడిపోయింది. జాకెట్టుకు పెట్టిన పిన్నీసుది కూడా ఇదే కథ. రాళ్ల క్వారీల్లో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ము మచ్చలు ఉంటాయి, అవీ దానికి అనుమానంగానే కనిపిస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా అది తడబడేది పాత టీబీ మచ్చ దగ్గర. ఎప్పుడో మానిపోయిన పుండు తాలూకు మచ్చకీ, ఇప్పుడు రాజుకుంటున్నదానికీ తేడా ఒక్క చిత్రంతో చెప్పడం మాకే కష్టం. మీ నాన్నగారి 78కి కారణంగా మొదట అనుమానించాల్సింది 1998 నాటి ఆ మచ్చనే.

అయితే, యంత్రాన్ని కొట్టిపారేయలేని రోజులూ ఉన్నాయి. కిందటేడు ఒక పంచాయతీ ఆఫీసు వరండాలో శిబిరం. బీడీలు చుట్టే ఒకావిడ తనకేమీ లేదని, ఆశా కార్యకర్త పోరు పడలేక వచ్చానని చెప్పింది. ఎక్స్‌రే చూసి నేను కూడా పరవాలేదనుకున్నాను. స్కోరు ఎక్కువ వచ్చింది. మెడ కింది కాలర్ ఎముక వెనక, పక్కటెముక నీడతో కలిసిపోయి ఒక చిన్న మసక ఉంది. వలయం చూశాకే నాకు కనిపించింది. ఆవిడకు కళ్లె రాదు. ఉప్పునీటి ఆవిరి పట్టించి, అరగంట కూర్చోబెట్టి, ఒక చెంచాడు తీయించాం. పాజిటివ్. ఇంట్లో ఏడాదిన్నర మనవడు ఉన్నాడు.

ఈ కథలో యంత్రం పని కొన్ని క్షణాలే. పోరు పెట్టి తీసుకొచ్చిన ఆశా, ఆవిరి పట్టించిన నర్సు, డబ్బాను చల్లటి పెట్టెలో పెట్టుకుని ముప్పై కిలోమీటర్లు బండి మీద తీసుకెళ్లిన కుర్రాడు, ఆ తర్వాత ఆరు నెలలు మందులు మింగించేవాళ్లు, ఇంత గొలుసు ఉంది. ఒక్క లింకు తెగినా స్కోరు చిత్తుకాగితమే. ఇంకో ఊళ్లో వంద మందిని అనుమానితులుగా తేల్చి, పరీక్ష చిప్పులు అయిపోయాయని మళ్లీ నెలకు రమ్మన్నారు. ఎంతమంది తిరిగి వస్తారో మీరే ఊహించుకోండి.

మన దగ్గరే ఇలా అనుకోకండి. షుగరు రోగుల కంటి రెటీనాను చదివే గూగుల్ సాఫ్ట్‌వేరు మదురై అరవింద్ కంటి ఆసుపత్రి సహా మన దేశపు చిత్రాలతో కూడా నేర్చుకున్నదే. ల్యాబులో నిపుణులతో సమానంగా చదివింది. దాన్ని థాయిలాండ్‌లో క్లినిక్కులకు తీసుకెళ్లి ఏం జరిగిందో 2020లో రాశారు. సరైన చీకటి గది లేక, చిత్రాలు మసకగా వచ్చి, అయిదింట ఒకటికి మించి చిత్రాలను అది చదవనే లేదు. ఆ రోగులను ఇంకో రోజు ఇంకో ఆసుపత్రికి వెళ్లమన్నారు. చిత్రం బాగాలేనప్పుడు బాగాలేదని ఒప్పుకున్నందుకు మాత్రం ఆ సాఫ్ట్‌వేరును మెచ్చుకోవాలి. మా కరోనా సాఫ్ట్‌వేరు ఎంత చెత్త ఫోటో ఇచ్చినా ధీమాగా అంకె చెప్పేది.

కరోనాలో కృత్రిమ మేధ నిజంగా గెలిచిన సందర్భం ఒకటుంది, దాని గురించి మన దగ్గర ఎక్కువ మాట్లాడుకోరు. 2020 ఫిబ్రవరిలో లండన్‌లోని బెనవలెంట్ ఏఐ అనే సంస్థ, అప్పటికే ఉన్న మందుల సమాచారాన్ని కంప్యూటరు చేత గాలించి, కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ కరోనాలో పనిచేయవచ్చని సూచించింది. అప్పుడు ఎవరూ దాన్ని పట్టుకుని రోగులకు పోసేయలేదు. ట్రయల్స్ చేశారు. బ్రిటన్‌లో దాదాపు ఎనిమిది వేలమందితో చేసిన ట్రయల్‌లో మరణాలు సుమారు 13 శాతం తగ్గాయి. 2022 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్రమైన కరోనాకు దాన్ని గట్టిగా సిఫార్సు చేసింది. వేలు చూపించింది కంప్యూటరు, అవునని తేల్చింది పరీక్ష. 78కీ కళ్లెకీ ఉన్న సంబంధం కూడా సరిగ్గా ఇదే.

డాక్టర్లతో పని ఉంటుందా అన్నారు. 2016లో జెఫ్రీ హింటన్ అనే పెద్దాయన, ఈ రంగంలో నిజంగానే పెద్దాయన, రేడియాలజిస్టులను తయారుచేయడం ఇక ఆపేయవచ్చని అన్నాడు. ఇప్పటికీ మా జిల్లాలో రేడియాలజిస్టు అపాయింట్‌మెంటు కోసం జనం బారులు తీరుతున్నారు. పని తగ్గడం మాత్రం నిజం. స్వీడన్‌లో ఎనభై వేలమంది మహిళల రొమ్ము ఎక్స్‌రేలతో చేసిన ట్రయల్‌లో కృత్రిమ మేధ సాయం వల్ల డాక్టర్లు చదవాల్సిన చిత్రాల భారం 44 శాతం తగ్గింది, పట్టుకున్న క్యాన్సర్లు తగ్గలేదు. అలాంటి చోట నేను వద్దనను.

నా భయం వేరు. పోలండ్‌లో పెద్దపేగు ఎండోస్కోపీ చేసే అనుభవజ్ఞులైన డాక్టర్లను గమనించి 2025లో ఒక సంగతి రాశారు. కృత్రిమ మేధకు అలవాటు పడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో వాళ్లు క్యాన్సరుకు దారితీసే కణితులను పట్టుకున్న సందర్భాలు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయాయి. చేతిలో లెక్కల యంత్రం వచ్చాక ఎక్కాలు మరిచిపోయినట్టు. నన్ను నేను గమనించుకున్నాను. స్కోరు ముందు కనిపిస్తే నా కళ్లు సగం మూసుకుంటాయి. అందుకే శిబిరంలో తెర మీద స్కోరు వచ్చే మూలకు తెల్ల ప్లాస్టరు ముక్క అంటిస్తాను. నా అభిప్రాయం కాగితం మీద రాశాకే దాన్ని లేపి చూస్తాను. కొత్తగా వచ్చే హౌస్ సర్జన్లు నవ్వుతారు. నవ్వనీయండి, వాళ్ల చేతా అలాగే చేయిస్తున్నాను.

ఇక చాట్‌బాట్. శిబిరంలో మీ నాన్నగారి ఎక్స్‌రే చూసింది ఛాతీ చిత్రాలు చదవడం ఒక్కటే పనిగా, దేశదేశాల చిత్రాల మీద పరీక్షించిన సాఫ్ట్‌వేరు. మీ ఫోనులో ఉన్నది మాటలు అల్లడంలో దిట్ట. అదే ఫోటో మళ్లీ పెట్టి ‘దీంట్లో టీబీ ఎక్కడుంది’ అని అడిగి చూడండి, ఎక్కడో చోట చూపించవచ్చు. మన దేశంలో 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో, కృత్రిమ మేధ తనంతట తాను రోగికి సలహా ఇవ్వకూడదని, మందు రాయకూడదని, డాక్టరుకు సాయం మాత్రం చేయవచ్చని స్పష్టంగా ఉంది. దాన్ని పూర్తిగా మానేయమనను. రిపోర్టులో ‘ఫైబ్రోటిక్’ అని ఉంటే ఆ మాటకు అర్థం తెలుగులో అడగండి, డాక్టరును ఏమేం అడగాలో జాబితా రాయించుకోండి. ఫోటో పెట్టేముందు పేరు, ఫోను నంబరు ఉన్న భాగం కత్తిరించండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. నాన్నగారిని మండల కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. కళ్లె పరీక్ష ఉచితం. రెండు నమూనాలు అడుగుతారు, ఒకటి అక్కడే, ఇంకొకటి పొద్దున్నే లేవగానే. నోరు మంచినీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోతు నుంచి దగ్గి తీయాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా. గతంలో టీబీ వచ్చి తగ్గిందని తప్పకుండా చెప్పండి. ఈ మధ్యే మందులు వాడినవాళ్లలో ట్రూనాట్‌లాంటి పరీక్షలు చచ్చిన క్రిములను కూడా పట్టి పాజిటివ్ అనవచ్చు. ఆయనకు పాతికేళ్లు దాటాయి కనుక ఆ బెడద తక్కువే. పాజిటివ్ వస్తే మందుకు లొంగని రకమా అన్నది కూడా చూడమనండి. షుగరు చూపించి ఏడాది దాటితే అదీ చూపించండి.

ఇంకొకటి, ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చేది. 1998 నాటి ఎక్స్‌రే ఫిల్ము గానీ, మందులు పూర్తయినప్పుడు తీసినది గానీ ఇంట్లో ఎక్కడో ఉంటుంది. బీరువా మీద, పరుపు కింద, పెళ్లి ఫోటోల సంచిలో వెతకండి. అప్పటి మచ్చా ఇప్పటి మచ్చా ఒక్కలాగే ఉంటే సగం ఆందోళన తీరుతుంది. దొరికితే పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి, ఫ్లాష్ లేకుండా, మూల ఉన్న తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టండి. వేలు అడ్డం రాకుండా చూసుకోండి.